తమ్ముడి ఓటు

ఆస్పత్రిలో ఆ నర్సును అందరూ పెద్దక్క అనేవారు. ఊరేగింపు మీద కాల్పులు జరిగిన రోజు, గాయపడ్డవాళ్లను వార్డులోకి రానివ్వొద్దని సాక్షాత్తూ దేశాధ్యక్షుడే ఫోన్ చేశాడు. ఆ ఫోన్ ఎత్తింది ఆమే. వైద్యం అందక ఒక దర్జీ గేటు దగ్గరే ప్రాణం వదిలాడు.

అధ్యక్షుణ్ణి తొలగించాలనే తీర్మానం చట్టసభకు వచ్చినప్పుడు పెద్దక్క వెళ్లి సాక్ష్యం చెప్పింది. ఆమె సొంత తమ్ముడు అధ్యక్షుడి పార్టీ తరఫున ఆ సభలో సభ్యుడు. దర్జీ సంగతి చెబుతుంటే అతను కళ్లు తుడుచుకున్నాడు. అతని పార్టీవాళ్లు కూర్చున్న వరసలో చాలామంది తలలు దించుకున్నారు. తీర్మానం నెగ్గినట్టేనని ఆమె అనుకుంది.

కానీ ఓటింగులో ఆ వరసంతా అధ్యక్షుడి వైపే నిలబడింది, తమ్ముడితో సహా. తీర్మానం వీగిపోయింది.

ఆదివారం తమ్ముడు ఇంటికొచ్చాడు.

"నా మాట నమ్మలేదట్రా?"

"నమ్మానక్కా. మా వాళ్లంతా నమ్మారు. కానీ ఆయన పడిపోతే అవతలి పార్టీ గద్దెనెక్కుతుంది."

"వాళ్లూ నీలాంటివాళ్లేలే. నేను సభలోంచి బయటికి రాగానే తమ తరఫున ఎన్నికల్లో నిలబడమన్నారు. దర్జీ ఊసు ఒక్కడూ ఎత్తలేదు."

తమ్ముడు కాళ్లు కడుక్కోవడానికి లేచాడు.

"నేను అబద్ధమాడాననుకుని ఓటేసి ఉంటే, పోనీలే అనుకునేదాన్నిరా" అంది పెద్దక్క.

అతనికి అన్నం పెట్టింది గానీ, ఎప్పటిలా పక్కన కూర్చోలేదు.

అధ్యక్షుడు గడువు తీరేదాకా పదవిలోనే ఉన్నాడు. సభలో ఏమైందని దర్జీ భార్య అడిగినప్పుడు, పెద్దక్క తమ్ముడి ఓటు కూడా దాచకుండా ఉన్నదున్నట్టు చెప్పింది.