మౌత్ ఆర్గాన్‌కి నూనె రాసిన హవల్దార్

రియాద్‌లో దిగింది ఆగస్టు నెలలో, ఉదయం తొమ్మిదింటికి. అక్కడినుంచి వ్యానులో సులైలోని మా కంపెనీ క్యాంపుకి. రెండువైపులా గోదాములు, వర్క్‌షాపులు, రేకుల కంచెలు. నేల చదును. ఎక్కడా చెట్టు లేదు. నలభై ఆరు డిగ్రీలని డ్రైవర్ చెప్పాడు. ఆయనది పెషావర్. నా నడక చూసి, "ఫౌజీ హో?" అన్నాడు. అవునన్నాను. ఆ రోజునుంచి క్యాంపంతటికీ నేను హవల్దార్ సాబ్‌ని.

సైన్యంలో పంతొమ్మిదేళ్లు వైర్‌లెస్ సెట్లు బాగుచేశాను. పెన్షన్ వచ్చాక కామారెడ్డిలో కాళ్లు చాపుక్కూర్చోవడం నా వల్ల కాలేదు. అందుకే ఈ గేటు డ్యూటీ. సౌదీలో ఏం యుద్ధం చేసొచ్చావని మా వాడలో ఇప్పటికీ ఆటపట్టిస్తారు. వాళ్లకిదే జవాబు.

నాకిచ్చిన సామాను: ఖాకీ చొక్కాలు రెండు, ఒక సైజు పెద్ద బూట్లు, టార్చి, విజిల్, వాకీటాకీ, పొడుగాటి రిజిస్టరు. పోస్టు: గేట్ టూ. వేళలు: ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు. ఆర్డరు ఒక్కటే. రాసుకోకుండా ఏదీ లోపలికి రాకూడదు, బయటికి పోకూడదు.

రెండో రోజు ఉదయం వెల్డర్ వచ్చి నా బల్లమీద గుడ్డలో చుట్టిన వస్తువు పెట్టాడు. పేరు రాజలింగం, ఊరు జగిత్యాల దగ్గర. విప్పి చూస్తే మౌత్ ఆర్గాన్.

"అన్నా, సైట్ల దుమ్ము, నిప్పురవ్వలు. గిది నీ దగ్గర ఉండనీ. పొద్దూకి తీస్కపోత."

"గింత జతనమెందుకు తమ్మీ? బత్హా బజార్ల కొత్తది దొరుకదా?"

"దొరుకుతది గని గీ సప్పుడు దొరుకది."

ఆర్డరు ఆర్డరే కాబట్టి రిజిస్టరులో రాశాను: మౌత్ ఆర్గాన్, ఒకటి. రెండేళ్లపాటు రోజూ అదే రాశాను.

ఆ సప్పుడు సంగతి తర్వాత తెలిసింది. పది రంధ్రాల మామూలు మౌత్ ఆర్గాన్‌లో కింది స్వరాలన్నీ ఉండవు. రాజలింగం అవ్వ, అంటే తల్లి, పాడే జోలకు అందులో లేని స్వరం ఒకటి కావాలి. అంతకుముందు ధహ్రాన్‌లో పనిచేసినప్పుడు, అక్కడ స్టేజీల మీద వాయించే విశాఖపట్నం ఇంజినీరొకాయన దాన్ని విప్పి, ఊదితే అదిరి పలికే ఇత్తడి రేకుల్లో మూడో రంధ్రం రీడ్‌ను సన్నగా గీకి, స్వరం పెంచి ఇచ్చాడు. ఒక్క మనిషి కోసం, ఒక్క పాట కోసం మార్చిన వాయిద్యమది.

ఆ పాట వినేది కూడా ఒక్కరే. రాజలింగం సౌదీకి వచ్చిన రెండు నెలలకు కూతురు పుట్టింది. పేరు అక్షిత. తండ్రి ఒడి ఎరగదు. ప్రతి శుక్రవారం సాయంత్రం నాలుగింటికి అతను నా క్యాబిన్‌లో కూర్చుని ఫోన్ చేసేవాడు. సిగ్నల్ అక్కడే బాగుండేది. భార్య రజిత ఫోన్ పాప చెవికి ఆనించేది. అతను జోల వాయించేవాడు. అటునుంచి "బాపూ" అని ఒక్క మాట. మనిషి కరిగిపోయేవాడు. నేను కిటికీలోంచి రోడ్డు చూస్తూ, విననట్టు నటించేవాణ్ని.

రెండేళ్లు కావస్తుండగా, ఎండాకాలంలో, మా కంపెనీ, ప్రభుత్వం కంపెనీలకు రంగులిచ్చే నితాఖత్‌లో ఎరుపులో పడింది. సౌదీవాళ్లను చాలినంతమందిని పెట్టుకోలేదని దాని అర్థం. ఎరుపులో ఉంటే ఇఖామాలు, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులు, రెన్యూ కావు. పైగా తలకింతని లెవీ పన్ను. క్యాంప్ ఇన్‌ఛార్జి వాకీటాకీలో పేర్లు చదివాడు.

"గేట్ టూ, రాస్కో. ఫైనల్ ఎగ్జిట్ లిస్టు, ఇంటికి పోయేవాళ్లది. వెల్డర్ రాజలింగం. గార్డు పేరూ ఉంది."

"గార్డంటే ఎవరు?"

"నువ్వే సాబ్. ఓవర్."

టికెట్లు పద్దెనిమిది రోజుల తర్వాత గురువారానికి. నేనేం బాధపడలేదు. సైన్యంలో ఎన్ని బదిలీలు చూడలేదు! రాజలింగం మాత్రం ఆ రోజంతా పిచ్చి ఆనందంతో తిరిగాడు. "బిడ్డకు ఎదురుంగ కూసుండి వాయిస్త అన్నా" అన్నాడు.

నేను తప్పు చేసింది ఇక్కడే. ఇంటికి పోయే సామాను తళతళలాడాలని నాకనిపించింది. పంతొమ్మిదేళ్ల అలవాటు: వారానికోసారి ఆయుధం విప్పు, తుడువు, నూనె రాయి. అతను సైటుకి వెళ్లాక మౌత్ ఆర్గాన్ విప్పాను. రెండు ఇత్తడి పలకలు, వాటిమీద గడ్డిపరకల్లాంటి రీడ్లు, మధ్యలో గదులున్న చెక్క. అన్నిటికీ కుట్టుమిషన్ నూనె రాశాను. రైఫిల్‌లా మెరిసింది. నా భుజం నేనే తట్టుకున్నాను.

మర్నాడు దుమ్ముగాలి లేచింది. క్యాబిన్‌లోకి వచ్చిన దుమ్మంతా ఆ నూనెకు పట్టుకుంది. ఒక్క రీడూ పలకలేదు. హడావుడిగా బ్రష్షుతో రుద్దాను. టిక్కుమని చిన్న చప్పుడు. మూడో రంధ్రం రీడ్ విరిగి నా అరచేతిలో పడింది. సాయంత్రం అతను రాగానే ముక్కతో సహా బల్లమీద పెట్టి చూపించాను.

రాజలింగం చూశాడు. తిట్టలేదు. "పోనీ తియ్యన్నా, బుద్ధిపూర్వకంగ చేసినవా ఏంది" అన్నాడు. మర్నాడు ఉదయం ఆ పాడైన దాన్నే మళ్లీ గుడ్డలో చుట్టి నా బల్లమీద పెట్టాడు. తిట్టినా బాగుండేది.

శుక్రవారం నాలుగింటికి పాట లేకుండానే ఫోన్ చేశాడు.

"అక్షితా, బాపును బిడ్డా."

అటునుంచి పాప గొంతు, తల్లిని అడుగుతోంది. "బాపు ఏడే అమ్మా? గీయన ఎవలు?"

రాజలింగం ఫోన్ బల్లమీద పెట్టేశాడు. "రేపు నేను పోతె గుర్తువడతదా అన్నా?" అని అడిగాడు.

ఆ సాయంత్రమే ధహ్రాన్ ఇంజినీరు నంబరు పట్టుకుని ఫోన్ చేశాను. వచ్చే శుక్రవారం రియాద్‌లోనే మలాజ్‌లో బంధువులింటికి వస్తున్నానని, అక్కడికి రమ్మని చెప్పాడు. ఆ రోజు గేటు వంటమనిషికి అప్పగించి ఇద్దరం వెళ్లాం.

ఆయన తన వాయిద్యాల పెట్టె తెరిస్తే అది నాకు ఆయుధాగారంలా కనిపించింది. పన్నెండు శ్రుతులకు పన్నెండు మౌత్ ఆర్గాన్లు, ఒక్కోదానికి ఒక్కో గూడు. గుప్పిట్లో ఇమిడే గుండ్రటి మైకు. వాల్వులున్న బుల్లి ఆంప్లిఫయరు. తన వాటికి మేకులు తీసేసి స్క్రూలు వేసుకున్నాడు. చెక్కకు తేనెమైనం పట్టించాడు, గాలి పోకుండా. ఒక డబ్బాలో పాడైన వాటినుంచి తీసి దాచిన రీడ్లు.

"నూనె రాశారా?" అన్నాడాయన, కళ్లు పెద్దవి చేసి. "అయ్యబాబోయ్! తుపాకీ అనుకున్నారేంటండీ?"

తలొంచుకున్నాను. రాజలింగం ఫక్కున నవ్వాడు. వారం తర్వాత అదే అతని మొదటి నవ్వు.

ఆయన అన్నీ కడిగి ఆరబెట్టాడు. డబ్బాలో సరిపడే రీడ్ ఒక్కటే దొరికింది. దాన్ని బుల్లి స్క్రూతో బిగించాడు. "ఇది మామూలు స్వరం. కొస దగ్గర గీకితే పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. ఒక్కరోజులో పెంచితే విరిగిపోద్ది. రోజూ కొంచెం గీకి, వదిలేయండి. మీరు వైర్‌లెస్ సెట్లు చేసినోరు కదా, ఆ చెయ్యి చాలు" అని, గీకే సూది నా చేతిలో పెట్టాడు. "నూనె సీసా మాత్రం అవతల పారేయండి బాబూ."

శనివారం నుంచి బుధవారం దాకా. ఎండకు బయటిపని ఆపేసే వేళ, పన్నెండు నుంచి మూడు. కళ్లజోడు, సూది, ఫోన్‌లో శ్రుతి చూపే యాప్. నాలుగు గీతలు గీయడం, ఊదడం, వినడం, ఆపడం. రాజలింగం ఎదురుగా ఊపిరి బిగబట్టి కూర్చునేవాడు. మధ్యలో వాకీటాకీ.

"గేట్ టూ, నీళ్ల ట్యాంకర్ వస్తోంది."

"ఆగమను. పనిలో ఉన్నాను. ఓవర్."

గేటు డ్యూటీలో ట్యాంకర్‌ను ఆపింది ఆ ఒక్కరోజే. బుధవారం రెండూ నలభైకి స్వరం కుదిరింది. రాజలింగం ఊది చూశాడు. కళ్లు మూసుకున్నాడు. "మా అవ్వనే" అన్నాడు. ఏడ్చేశాను, దాచుకోలేదు.

సాయంత్రం ఆరింటికి కొత్తగా వచ్చిన సౌదీ గార్డుకు టార్చి, విజిల్, రిజిస్టరు అప్పగించాను. చివరి పద్దు: మౌత్ ఆర్గాన్, ఒకటి, బయటికి.

గురువారం ఉదయం పదకొండింటికి శంషాబాద్. రజిత పాపను తీసుకుని వచ్చింది. పాప చేతిలో తల్లి ఫోన్. రాజలింగం చేతులు చాపాడు. పాప తల్లి చీర వెనక్కి పోయి దాక్కుంది. "నాకు బాపు కావాలె" అని ఏడుపు. రజిత బతిమాలుతోంది. అతను అక్కడే నేలమీద గొంతుక్కూర్చుని, గుడ్డ విప్పి జోల అందుకున్నాడు.

మూడో రంధ్రం స్వరం వచ్చేసరికి పాప ఏడుపు ఆపింది. చేతిలో ఫోన్ చూసుకుంది. చెవికి పెట్టుకుంది. అందులో ఏమీ లేదు. ఫోన్ తల్లికిచ్చేసి, ఒక్కో అడుగే వేసుకుంటూ అతని దగ్గరికి వచ్చింది.

బ్యాగు భుజాన ఉన్న సంగతి మరిచి నిలబడిపోయాను. ఎన్నో పోస్టింగులు మసకబారాయి గానీ ఇది మాత్రం కదలదు. పాప అతని మొహం వైపు చూడలేదు. తల వంచి, చెవిని మౌత్ ఆర్గాన్‌కి ఆనించి, దానితోనే మెల్లగా "బాపూ" అంది. అతను వాయిస్తూనే ఉన్నాడు.