గురువారం కొలతలు

మా నర్సు కలొలైనకు కంటపడ్డదాన్నల్లా కొలిచే పిచ్చి ఉండేది. ప్రతి గురువారం మెడలో టేపు వేసుకుని ఇల్లిల్లూ తిరిగేది. ఆ రోజు మా వవావు దీవిలో మనిషికీ పందికీ తేడా లేదు.

"కాస్త పట్టుకోండి పాస్టరుగారూ, మీ పంది నడుమెంతో చూడాలి."

"అది చర్చి విందుకమ్మా, చొక్కా కుట్టించడానికి కాదు!"

"రాసుకుంటున్నా!" అంటూ పుస్తకం తీసి గీకేది.

చెట్టు బెరడు బాది నారగుడ్డ సాగగొడుతున్న మా మేనత్త ఫెహియనూ వదల్లేదు. గుడ్డ కొలిచింది, వెనక ఉన్న కిటికీ కొలిచింది.

"ఏమే, మా ఇంటికి కర్టెన్లే లేవు కదా!"

"అందుకేగా కొలత కావాలి. రాసుకుంటున్నా!"

నాకు మటుకు నవ్వొచ్చేది కాదు. అంతకుముందు మూడు కడుపులూ ఐదో నెలలోనే పోయాయి. మూడుసార్లూ అత్త బిడ్డకని నారగుడ్డ చేసి, మడిచి లోపల పెట్టేసింది. ఈసారి పద్నాలుగో వారంలో రాజధాని ఆసుపత్రిలో గర్భసంచి మూతికి కుట్టు వేశారు. కని తీరతానని పంతం పట్టాను. ఊరి జాలి మాత్రం భరించలేను.

"కుట్టు తలుపు గడియేనే ఫూసీ," అనేది కలొలైన, నా పొట్ట మీద టేపు పరుస్తూ. "పెరగడం లోపలివాళ్ల పని. వారానికో సెంటీమీటరు."

ముప్పయ్యో వారంలో టేపు ఇరవై ఎనిమిది దగ్గరే ఆగింది. పోయిన గురువారమూ అంతే.

"నిజం చెప్పక్కా."

"పెరగలేదు. లే, స్కానుకి పోదాం."

బిడ్డ చిన్నదే కానీ పెరుగుతోందన్నారు. "చూశావా, మొండిఘటం. నీ పోలికే," అంది కలొలైన. మరుసటి గురువారం టేపు కదిలింది. ముప్పై ఏడో వారంలో కుట్టు విప్పారు. నాలుగో రోజు నాకు కూతురు పుట్టింది.

"పొడవు నలభై ఏడు సెంటీమీటర్లు! రాసుకుంటున్నా!" కలొలైన అరుపుకి ఆసుపత్రి దద్దరిల్లింది.

ఆమె చేతులు కడుక్కుంటుంటే పుస్తకం తెరిచాను. పాస్టరుగారి పంది లేదు, అత్త కిటికీ లేదు. ప్రతి పేజీలో గురువారం తేదీ, పక్కన నా పొట్ట కొలత. అంతే.

"అక్కా, మిగతావన్నీ ఏవీ?"

"నీ ఒక్కదాని ఇంటికే వస్తే 'మళ్ళీ ఏమైందో' అని ఊరంతా నీ వాకిట్లో చేరదూ? నా పిచ్చి చూసి నవ్వుకుంటూ ఎవరూ నీ జోలికి రాలేదు. పందిదేముంది, దాన్ని కొలిచింది ఉత్తుత్తికే."

వెనక ఎవరో గట్టిగా దగ్గారు. మడతలు విప్పిన నారగుడ్డ భుజాన వేసుకుని గుమ్మంలో అత్త.

"అయితే నా కిటికీ కొలత రాయనేలేదా? కర్టెన్ గుడ్డ కొనేశానే!"