కుట్టిందా, ముట్టిందా?

నయాపైసలు వచ్చిన కొత్తలో సంగతి. మిరపకాయ కోతకొచ్చింది గాని, ఆరబోసే కళ్ళం ఇంకా బాగుచేయలేదు. ఏడాదిగా గడ్డి మొలిచిపోయింది. వంటచెరుకు కోసం పేర్చిన పోయినేటి పత్తికట్టె మోపులు ఓ మూల అలాగే పడున్నాయి. పొద్దున్నే నేనూ, నా తోడికోడలు శేషారత్నమూ ఆ పనికి దిగాం. ఎనిమిదింటప్పుడు నా కుడిచేతి చూపుడువేలికి ముల్లు గుచ్చుకున్నట్టయింది. చెయ్యి వెనక్కి లాక్కునేసరికి, మచ్చల తోక ఒకటి మోపు కిందికి జారుకుంది.

చూశాను. చూడలేదనే ఇన్నాళ్ళూ అందరికీ చెబుతూ వచ్చాను.

శేషు మా మరిది భార్య, నాకంటే ఐదేళ్ళు చిన్నది. ఆమె కాపురానికొచ్చినప్పటి నుంచి మా అత్తగారి నోట ఒకటే మాట, "పనంటే శేషుదే." నాకు ఒళ్ళు మండేది. శేషు మోపుల దగ్గరికి వెళ్ళిందంటే ముందు పొడుగాటి కర్రతో నాలుగువైపులా కొడుతుంది. కాసేపు ఆగుతుంది. ఆ తరవాత దోటి కొక్కెం తగిలించి దూరం నుంచి లాగుతుంది. చెయ్యి మాత్రం పెట్టదు.

"పాములకి కబురంపితే గాని పని మొదలెట్టవేమే? పేరులోనే పామును పెట్టుకుని నీకు భయమెందుకే?" అని ఎగతాళి చేసేదాన్ని.

"ఉంటే పోతుంది గదక్కా, మనదేం పోయింది?" అని నవ్వేది.

ఆ పొద్దున కూడా కర్ర నాకు అందించబోయింది. తీసుకోలేదు. తీసుకుంటే ఆమె దగ్గర నేర్చుకున్నట్టవుతుంది. ఆమె ఒక మోపు లాగేలోపు నేను మూడు లాగి చూపించాలని ఉత్త చేతులు దూర్చాను.

మా వైపు పాము కరిస్తే మాత్రం దాని పేరెత్తరు, పురుగంటారు. పురుగు ముట్టిందంటే పాము కరిచిందని. పురుగు కుట్టిందంటే ఏ తేలో, కందిరీగో. నా కేక విని అత్తగారు పరుగెత్తుకొచ్చి, "ఏమైందే రాజ్యం?" అంటే, "పురుగు కుట్టిందత్తయ్యా" అన్నాను. ఒక్క మాట మార్చాను. ముట్టిందంటే, శేషులాగా కర్రతో కొట్టి చూస్తే నీ సొమ్మేం పోయిందని ఊరంతా అంటుంది. ప్రాణం పోయినా ఆ మాట పడలేననిపించింది.

ఊళ్ళో కాంపౌండరు వచ్చి, "తేలేనమ్మా, సాయంత్రానికి దిగుతుంది" అని టింక్చర్ అయోడిన్ పూసి, నొప్పికి మాత్ర ఇచ్చి వెళ్ళాడు. పదింటికి మణికట్టు దాకా వాచింది. పదకొండింటికి మోచెయ్యి దాకా పాకింది. రెండుసార్లు వాంతయింది. పన్నెండు దాటాక నోరు పుక్కిలిస్తే నీళ్ళు ఎర్రగా పడ్డాయి. చిగుళ్ళ నుంచి రక్తం కారుతోంది. అప్పుడు శేషు పక్కన కూర్చుని, నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"అక్కా, కుట్టిందా, ముట్టిందా?"

నేను గోడ వైపు తిరిగాను.

"నీకు దణ్ణం పెడతాను, పిల్లల మొహం చూసైనా చెప్పు."

"ముట్టింది. పొద్దున్నే చూశాను" అన్నాను.

శేషు లేచి వసారాలోకి వెళ్ళి కేకేసింది. "అత్తయ్యా, బండి కట్టించండి! మోపు కింద రక్తపింజరి ఉంది, ఇప్పుడే చూసొచ్చాను. పాపం, అక్క చూసుకోలేదు!"

ఆమె చూసిందీ లేదు, పాడూ లేదు. అబద్ధమాడడంలో కూడా నన్ను మించిపోయింది.

బండిలో రోడ్డు దాకా, అక్కడి నుంచి బస్సులో గుంటూరు ఆసుపత్రికి. మా ఆయనా, శేషూ చెరోవైపు పట్టుకున్నారు. చేరేసరికి మూడయింది. డాక్టరు గారు నా రక్తం తీసి గాజుగొట్టంలో పోసి, బల్లమీద పెట్టి గడియారం చూస్తూ కూర్చున్నారు. ఇరవై నిమిషాలైనా అది నీళ్ళలాగే ఉంది.

"బ్లడ్ క్లాట్ కావడం లేదు. వైపర్ బైట్. ఎన్నింటికి కరిచింది?"

శేషు నా వైపు చూసింది. "ఎనిమిదింటికండి" అన్నాను.

"ఏడు గంటలు ఏం చేశారమ్మా?" అన్నారాయన.

యాంటీవెనమ్ సీరం ఎక్కించారు. సగంలో ఒళ్ళంతా దద్దుర్లు, వణుకు. రియాక్షన్ అని ఆపి, ఇంకో ఇంజెక్షన్ చేసి మళ్ళీ మొదలెట్టారు. చిగుళ్ళ రక్తం ఆగింది గాని, మూడోనాటికి యూరిన్ ఆగిపోయింది. "కిడ్నీలు దెబ్బతిన్నాయి. యూరిన్ వస్తే బతికినట్టే" అని మా ఆయనతో చెబుతుంటే నా చెవిన పడింది. నాలుగు రోజులు అలా గడిచాయి. ఆ మర్నాడు పొద్దున బెడ్‌పాన్ చేత్తో పట్టుకుని, "వచ్చిందక్కా!" అంటూ శేషు వార్డంతా వినపడేలా అరిచింది. ఆ తరవాత వేలు నల్లబడింది. "గ్యాంగ్రీన్. ఇది ఉంచితే చెయ్యి పోతుంది" అని చూపుడువేలు మొదలంటా తీసేశారు.

నెల పైన వార్డులో ఉన్నాను. శేషు అన్నం కలిపి ముద్దలు పెట్టేది. "సొంత చెల్లెలైనా ఇంత చెయ్యదమ్మా" అనేది పక్క మంచం ఆవిడ. నిజమే. కానీ నాకు కడుపు మండేది. ముద్ద నోటి దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆమె ఐదు వేళ్ళే కనిపించేవి. సేవ చేయించుకుంటూ, ఆ చేసేదాన్ని చూసి ఏడ్చినదాన్ని లోకంలో నేనొక్కదాన్నే అయుంటాను.

ఇప్పటికి ఏడెనిమిదేళ్ళయింది. కాళ్ళు అప్పుడప్పుడూ నీరు పడతాయి, ఉప్పు తగ్గించుకున్నాను. ముగ్గు ఎడమచేత్తో పెట్టడం అలవాటైంది, వంకర్లు పోతుంది. కళ్ళం బాగుచేసే రోజున అందరికంటే ముందు కర్ర పట్టేది నేనే. "శేషు నేర్పిన బుద్ధి" అంటుంది మా అత్తగారు. ఇప్పటికీ మండుతుంది.

మీకు చెప్పేదొకటే. మోపులో గాని, గడ్డిలో గాని, కన్ను చేరని చోటికి చెయ్యి పంపకండి. ముందు కర్ర పంపండి. అయినా ముడితే, ముట్టిందనే చెప్పండి, ఆ నిమిషానే చెప్పండి.

శేషు ఆ రోజు సంగతి ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు, మా మరిదితో కూడా. నా గుట్టు దాచిన గొప్ప కూడా ఆమెకే మిగిలిపోతుంటే ఓర్వలేక, ఇదిగో, నేనే బయటపెట్టాను.