గాలి బోర్డు మీద నాలుగు గీతలు

ఇన్నేళ్ళుగా ఒక రబ్బరు ముక్కని మోస్తున్నాను. పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరు. దానికీ బరువుంటుందా అంటారేమో. నవ్వుతూ మోశాను కాబట్టి ఎవరికీ కనబడలేదు. నవ్వించేవాడి జేబులు ఎవరు తడుముతారు?

ఏడో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ణి. తొంభైల చివర్లో కనిగిరి వైపు మెట్టలో, ఒక పాత రన్‌వే మీద, ఇంజను లేని విమానాలు నడపడం నేర్పే శిబిరం ఎండాకాలాల్లో జరిగేది. నేను తాడు లాగే యంత్రం దగ్గర పనివాణ్ణి. తాడు విమానాన్ని పైకి లాగి వదిలేస్తుంది. ఆపైన గాలే దిక్కు. చుట్టూ కల్లాల్లో ఎండబోసిన మిరపకాయల మీంచి వేడి లేస్తుంటే గద్దలు రెక్క ఆడించకుండా గిరికీలు కొట్టేవి. మా పైలట్లూ వాటి వెనకే.

పైన గాలి ఎటు పోతోందో చెప్పేది మస్తాన్ అన్న. దర్శి మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. రోజూ పొద్దున్నే బెలూన్ వదిలి, అది చుక్కయ్యేదాకా దుర్భిణిలో చూసి, ఎత్తుకొక బాణం చొప్పున రిజిస్టర్లో పెన్సిల్‌తో గీసేవాడు. తర్వాత అవే బాణాలు నల్లబోర్డు మీద. గాలి పోయే వైపు బాణం తల. ఏనాడూ తప్పలేదు. నేను ఆయనకి గాలి సాయిబని పేరు పెట్టాను. ఆయన నత్తి, ఒక కన్ను మూసుకునే తీరు, అన్నీ చేసి చూపించి అందర్నీ నవ్వించేవాణ్ణి. ఆయనా నవ్వేవాడు. అదే నాకు గిట్టలేదేమో. గుచ్చినా నొప్పి కనబడకపోతే, గుచ్చేవాడికి ఏం సరదా?

ఒక శుక్రవారం ఆయన నమాజుకి వెళ్ళాడు. బోర్డు మీద మూడు వేల అడుగుల దగ్గరున్న బాణానికి తల చెరిపి, తోక వైపు పెట్టాను. రెండు గీతలు చెరపడం, రెండు గీతలు గీయడం. ఎవరో ఒకరు ఆ తప్పు పట్టుకుని పదిమందిలో ఆయన్ని కడిగేస్తారనుకున్నాను. ఎవరూ అడగలేదు. మస్తాన్ బోర్డు గదా మరి.

నేర్చుకోడానికొచ్చిన పళ్ళ డాక్టరు గారొకరు ఆ బోర్డు చూసుకుని విమానం ఎక్కారు. నాకు తెలుసు. యంత్రం మీట నా చేతిలోనే ఉంది. ‘ఆగండి’ అనడానికి ఎంతసేపు పడుతుంది? అనలేదు. అంటే నవ్వు పోతుంది, తిట్లు నాకు పడతాయి. వెనక్కి వచ్చేటప్పుడు గాలి వీపు వెనక ఉంటుందని నమ్మి ఆయన దూరం వెళ్ళారు. అది ఎదురు కొట్టింది. రన్‌వే అందలేదు. పత్తిచేలో బోరు షెడ్డుకి తగులుకుని కూలారు. కుడి మోకాలు నుగ్గయింది, ఆ కాలు మళ్ళీ పనికి రాలేదు.

ఇక్కడిదాకా ఆకతాయితనమని సరిపెట్టుకుంటారేమో. సరిపెట్టుకోకండి. అందరూ చేలోకి పరిగెత్తారు, నేను ఆఫీసు గదిలోకి పరిగెత్తాను. రిజిస్టర్లో అదే బాణం. రబ్బరుతో తల చెరిపి, ఆయన పెట్టే తీరులోనే, కాస్త వంకరగా, బోర్డుతో కలిసేలా అటు వైపు పెట్టాను. ఆయన్ని అనుకరించడం నాకు బాగా వచ్చు కదా.

సాయంత్రం రిజిస్టర్ ముందు ఆయన్ని నిలబెట్టారు. చాలాసేపు చూశాడు. ఒకసారి కిటికీలోంచి ఆకాశం వైపు, మళ్ళీ కాగితం వైపు. తనే గీశానని ఒప్పుకున్నాడు. మర్నాడు పంపేశారు. వెళ్తూ నాకు చెయ్యి ఊపాడు.

ఏడెనిమిదేళ్ళకి దర్శిలో కనబడ్డాడు. కల్లాల మీద కప్పే పట్టాలు అమ్ముతున్నాడు. ఎవరో రైతు అడుగుతున్నాడు: “మస్తానూ, మబ్బేసింది, వాన వచ్చిద్దంటావా?”

“న... నన్నడగమాక పెద్దాయనా. పట్టా కావాలంటే తీసుకో.”

తల ఎత్తనైనా లేదు. నన్ను చూసి మాత్రం మొహం విప్పారింది. టీ తెప్పించాడు.

“ఏరా, ఇంకా నవ్విస్తానే ఉన్నావా?”

“నువ్వు లేక సరుకు తగ్గిందన్నా. ఏందీ, ఆకాశంతో మాటల్లేవా?”

“నా కళ్ళు నమ్మదగ్గవి కాదురా. బె... బెలూన్ ఇటే పోయినట్టు ఇప్పటికీ కనబడుద్ది. కాయితం మీదేమో అటుంది. నా చేత్తో గీసిందే గదా. ఇంట్లో మిరపకాయ ఎండిందా అని అడిగినా, నువ్వే చూసుకోమంటన్నా మా ఆవిడతో.”

నిజం నోటిదాకా వచ్చింది. బయటికి ఏం వచ్చిందో వినండి.

“కళ్ళజోడు పెట్టించుకో అన్నా. గాలి కూడా కనబడుద్ది.”

ఆయన నవ్వాడు. ఆ రైతూ నవ్వాడు. నేను టీ పూర్తిగా తాగాను.

డాక్టరు గారికి తన కాలు పోయిందనైనా తెలుసు. మస్తాన్ అన్నకి తన దగ్గర్నుంచి ఏం పోయిందో, ఎవరు తీశారో కూడా తెలీదు. ఎందుకు చెప్పలేదు? ఎక్కడ క్షమించేస్తాడోనని భయమేసిందని రాద్దామనుకున్నాను. వినడానికి బాగుంటుంది. అబద్ధం. చెబితే ఇక నా మాటకి ఎవరూ నవ్వరని. అంతే.

బెలూన్ నువ్వు చూసినవైపే పోయిందన్నా. నీ కళ్ళు సరిగ్గానే చూశాయి. నీ చెయ్యి సరిగ్గానే గీసింది. తల తిప్పింది నేను.

చెప్పాల్సింది ఆయనకి. చెప్పింది మీకు. అయినా, సిగ్గులేకుండా, కాస్త తేలిగ్గా ఉంది.