మేమంతా కలిసి రాసిన ఆమె

పన్నెండో తరగతి మరాఠీలో చదివాక మా ఊరు భివండీలోని కామత్‌ఘర్‌లో ఒక కంప్యూటర్ క్లాసులో చేరాను. పొద్దున క్లాసు నడిచే గదే మధ్యాహ్నం సైబర్ కేఫ్. క్లాసు పిల్లల్ని మధ్యాహ్నం కాసేపు ఇంటర్నెట్ ఊరికే వాడుకోనిచ్చేవారు. ఒకరోజు ఏదో వెతుకుతుంటే తెలుగువాళ్ళ మెసేజ్ బోర్డు ఒకటి తగిలింది. వంటలు, సినిమాలు, రాజకీయాలు, పోట్లాటలు, అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. నాకప్పటికి తెలుగు అక్షరాలు రావు. ఇంట్లో మాట్లాడే భాషను కళ్ళతో చదవడం అదే మొదటిసారి. పెదవులు కదుపుతూ పైకి అనుకుంటే గానీ ఏ మాటో తెలిసేది కాదు. పక్క కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి నేనేదో జపం చేస్తున్నాననుకుంది.

ఆ బోర్డులో ఒక మూల గొలుసుకథ పెట్టారు. ఒకరు కొంత రాస్తారు, తర్వాతివాళ్ళు అక్కడి నుంచి అందుకుంటారు. ఒకరు రాసింది ఇంకొకరు కొట్టేయకూడదు. ‘తెలియని ఊళ్ళో ఒకామె రైలు దిగింది’ అని ఎవరో మొదలుపెట్టి వదిలేశారు. ఎవరూ అందుకోలేదు. నేను అందుకున్నాను. ఆమె దిగింది కల్యాణ్ స్టేషన్‌లో అని రాశాను, నాకు బాగా తెలిసిన స్టేషన్ అదొక్కటే కాబట్టి. షేర్ ఆటో ఎక్కించి భివండీ తెచ్చాను. ఒక ఖోలీ చూపించి, సాంచాల కార్ఖానాలో పనికి పెట్టాను.

మర్నాడు వెళ్ళి చూస్తే కింద ప్రశ్నలు. ‘ఖోలీ అంటే ఏమిటండీ?’ ‘సాంచాలంటే బొమ్మలు పోసే అచ్చులా?’ ‘మీరు రాస్తున్నది తెలుగేనా?’ పేరు పక్కన చిలుక బొమ్మ పెట్టుకున్న మనిషి ఒక్కరే, ‘తమ్ముడు బాగా రాశాడు, కాస్త అర్థాలు చెబితే ఇంకా బాగుంటుంది’ అన్నారు. నేను ఆడో మగో ఎక్కడా రాయలేదు. తమ్ముడెందుకయ్యానో తెలియలేదు. కాదని చెప్పాలని తోచేసరికే అక్కడ అందరికీ తమ్ముణ్ణైపోయాను.

ఆ సాయంత్రం అమ్మను అడిగాను. అమ్మ మా గల్లీ చివరి కార్ఖానాలో కండెలకు దారం చుట్టేది. వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది.

“అమ్మా, ఖోలీ అంటే తెలుగు కాదా?”

“ఖోలీని ఖోలీ అనకపోతే ఇంకేమంటరే?”

“గది అంటరట.”

“గదా? దేవుని గది అంటరు. మనముండేది ఖోలీ.”

“మరి సాంచా?”

“సాంచా అంటే సాంచానే. నీకేమైందే ఇయ్యాల?”

సాంచాను మరమగ్గం అంటారని చెప్పాను. అమ్మ ఆ మాటను నోట్లో ఒకసారి తిప్పి చూసుకుని, బాగాలేదన్నట్టు మొహం పెట్టింది. బడిలో నా మరాఠీని తెలుగు మరాఠీ అని నవ్వేవారు. ఇక్కడ నా తెలుగు తెలుగేనా అంటున్నారు. మరి నేను మాట్లాడేది ఏ భాషో నాకు అంతు పట్టలేదు.

ఇదంతా ఎందుకు అడుగుతున్నానో చెప్పాలి కాబట్టి, రైలు దిగిన ఆమె సంగతి అమ్మకు చెప్పాను. అప్పటి నుంచి రోజూ అదే అడిగేది.

“ఇంతకూ ఆమె తిన్నదా ఏమన్న?”

“ఇంకా రాయలేదమ్మా.”

“రాకరాక వచ్చింది, తిండి పెట్టకుంటె ఎట్లనే? పక్కింటోళ్ళతోని పెట్టియ్యి.”

పెట్టించాను. చిలుక బొమ్మ మనిషి ఆమెకు ఊళ్ళో ఒక చెల్లెల్ని ఇచ్చారు. మోటారుసైకిల్ బొమ్మ పెట్టుకున్న ఇంకో ఆయన, ఆమెకు పాత సైకిలొకటి ఇచ్చి తొక్కడం నేర్పించాడు. భివండీ గల్లీల్లో ఆడమనిషి సైకిలు తొక్కుతూ కార్ఖానాకు వెళ్ళడం నేనెక్కడా చూడలేదు. కానీ ఒకరు రాసింది కొట్టేయకూడదు కదా. అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. “కింద పడుతది, ఒద్దను,” అంది. సగం టైపు చేశాక కరెంటు పోయి, రాసిందంతా ఎగిరిపోయిన రోజులు చాలా ఉన్నాయి. ఆ రోజుల్లో అమ్మకు చెప్పిందొకటి, బోర్డులో ఉన్నదొకటి. తర్వాత తర్వాత ఏది నిజంగా రాశానో, ఏది అమ్మకు చెప్పి ఊరుకున్నానో నాకే గుర్తుండేది కాదు.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం బోర్డు తెరిస్తే, చిలుక బొమ్మ మనిషి కొత్త భాగం పెట్టి ఉన్నారు. ఆమెకు జ్వరం వచ్చింది. ఖోలీలో ఒంటరిగా పడుకుంది. తెల్లారేసరికి లేదు. నా దగ్గర నేర్చుకున్న ఖోలీ అనే మాటనే వాడారు. నేను కేఫ్‌లో ఏడవకుండా ఇంటిదాకా వచ్చి, గడపలో కూర్చుని ఏడ్చాను.

“ఏమైందే బిడ్డా?”

“ఆమె చచ్చిపోయిందమ్మా.”

అమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని పెద్దగా “అయ్యో” అంది. పక్క ఖోలీ వదిన పరుగున వచ్చింది.

“ఎవరత్తమ్మా? ఊరి నుంచి ఫోనొచ్చిందా?”

“మనోళ్ళు కాదు. బిడ్డకు ఎరుకైనామె. ఒక్కతే ఉండేది పాపం. రైలు దిగి వచ్చింది.”

ఆమె ఎవరో నేను వివరించేలోపే వదిన వెళ్ళిపోయి, చావింట్లో పొయ్యి ముట్టించకూడదని చాయ్ కాచి గిన్నెతో తెచ్చింది. నేను ఏడుస్తూనే తాగాను. ‘కథ వదినా’ అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెబితే ఆ చాయ్ ఏం చేయాలో తెలియలేదు.

మర్నాడు బోర్డులో పెద్ద రచ్చ. చిలుక బొమ్మ మనిషి ఆమెను చంపుతున్న సమయంలోనే మోటారుసైకిల్ ఆయన, అది చూసుకోకుండా, ఆమె చేత కార్మికులకు భోజనాల మెస్సు పెట్టించాడు. రెండూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఏదీ కొట్టేయడానికి లేదు. బోర్డు నడిపేవాళ్ళు ఆలోచించి కథను రెండు పాయలు చేశారు. ఒకదాంట్లో ఆమె లేదు, రెండోదాంట్లో మెస్సు నడుపుతోంది. ఎవరికి నచ్చినదాంట్లో వాళ్ళు రాయవచ్చన్నారు.

“అంటే ఏంది? సచ్చిందా, బతికిందా?” అంది అమ్మ.

“రెండూనమ్మా.”

“గట్లెట్లయితదే?”

నాకూ అది తెలియలేదు. రెండిట్లోనూ రాయాలని చూశాను. ఆమె లేని పాయ కోసం పదో రోజు భోజనాలు రాసి, పొరపాటున రెండో పాయలో పెట్టేశాను. దాంతో మెస్సు నడిపే ఆమె తన దినానికి తానే వంట చేసినట్టయింది. జనం నవ్వారు. చిలుక బొమ్మ మనిషి నాకు విడిగా మెసేజ్ పెట్టారు. ‘తమ్ముడూ, నువ్వు ఒక్కడివేనా, ఇద్దరు కలిసి రాస్తున్నారా? మీ పక్కనున్న ఠాణా ఊళ్ళో మా చుట్టాలింటికి వస్తున్నాను. మీ ఊరు బస్టాండుకు వస్తాను, కలుద్దాం.’

ఆ మనిషి మగాడనే అనుకున్నాను. ఎందుకంటే చెప్పలేను. తమ్ముడూ అని పిలవడంలో ఒక పెద్దరికం ఉండేది. తెలియని మగవాణ్ణి కలవడానికి ఒంటరిగా ఎలా వెళ్ళడం? అమ్మ పని మానుకుని నాతో వచ్చింది.

గుర్తేమిటో ముందు అనుకోవాలని నాకు తోచనే లేదు. ఎవరినో వెతికే మనిషి చూడగానే తెలుస్తాడనుకున్నాను. కానీ బస్టాండులో అందరూ ఎవరినో ఒకరిని వెతుకుతూనే ఉంటారు. అమ్మను బల్ల మీద కూర్చోబెట్టి గేటు దగ్గరా, క్యాంటీన్ దగ్గరా, నాసిక్ బస్సులు ఆగే చోటా తిరిగాను. ఒక పెద్దాయన నన్నే చూస్తున్నాడనుకుని దగ్గరికి వెళితే, కసారా బస్సు ఎప్పుడని మరాఠీలో అడిగాడు.

తిరిగి వచ్చేసరికి అమ్మ పక్కన నూలు చీర కట్టుకున్న ఒక పెద్దావిడ కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. అమ్మ ఆమె వీపు నిమురుతోంది. మా ఊళ్ళో తెలుగావిడ కనపడడం వింత కాదు. అంతలో ఠాణా బస్సు వచ్చింది. ఆవిడ లేచి, “వెళ్ళొస్తానమ్మా,” అని అమ్మ చేయి పట్టుకుని, నావైపు పరధ్యానంగా తలూపి ఎక్కేసింది.

“మంచి మనిషే పాపం,” అంది అమ్మ. “మనామె ముచ్చట చెప్తె ఏడ్చింది.”

“మనామె ఎవరమ్మా?”

“రైలు దిగినామె. కొందరు సచ్చిందంటరు, కొందరు బతికిందంటరు, మాకేం సమజైతలేదని చెప్పిన.”

నాకు అప్పటికీ తట్టలేదు. ఇంకా కాసేపు ఆ మగాడి కోసం చూసి ఇంటికి వచ్చాం.

తర్వాత బోర్డు తెరిచినప్పుడు తెలిసింది. చిలుక బొమ్మ మనిషి రాశారు: ‘నేను రాసింది పాపం. ఇది కథ కాదు. ఆమె ఆ ఊళ్ళో నిజంగా ఉంది. ఆమె మనుషులే నాకు చెప్పారు. తమ్ముడు నిజం మనిషి గురించి రాస్తుంటే, ఊరూ పేరూ తెలియని నేను ఆమెను చంపేశాను. అందుకే కోపమొచ్చి నన్ను కలవడానికి రాలేదు.’

వెంటనే రాశాను: ‘బస్టాండులో మీతో మాట్లాడింది మా అమ్మ. నేను తమ్ముణ్ణి కాదు, మీరు బస్సెక్కేటప్పుడు అమ్మ దగ్గరికొచ్చిన అమ్మాయిని. ఆమె కథలోదే.’

జవాబు వచ్చింది. ‘ఎవరమ్మా నువ్వు? తమ్ముడి పేరుతో ఎందుకు రాస్తున్నావు? ఒకసారి తమ్ముణ్ణి రమ్మను.’

ఎంత చెప్పినా నమ్మలేదు. ఎవరో అమ్మాయి తమ్ముడి పాస్‌వర్డ్ తీసుకుందని అందరూ తేల్చారు. తమ్ముడు వచ్చేదాకా అని బోర్డు నడిపేవాళ్ళు నా ఖాతా ఆపేశారు. తమ్ముణ్ణి నేనెక్కడి నుంచి తేను? చదవడం తప్ప రాయడం లేకుండా పోయింది. చిలుక బొమ్మ ఆవిడ మళ్ళీ ఒక్కసారే రాశారు. జ్వరం నిజమే గానీ చావు కబురు అబద్ధమని, ఆమె కోలుకుని అదే ఊళ్ళో కనేరి అనే పేటలో మెస్సు పెట్టుకుందని. రెండు పాయలూ కలిసిపోయాయి. ఆ తర్వాత ఆవిడ కనబడలేదు. కొంత కాలానికి బోర్డు కూడా తెరుచుకోవడం మానేసింది.

కనేరి సంగతి అమ్మకు చెప్పాను. “బతికే ఉంటదని నేను అప్పుడే అన్న,” అంది. అసలు అలా ఎప్పుడూ అనలేదు. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

“అమ్మా, అది కథ అని నీకు తెలుసు కదా?”

“కథ అని తెల్వకపోవుడేంది?” అంది చిరాగ్గా. “కథైతే మాత్రం సంపుతరా?”

మరి బస్టాండులో ఆవిడకు అలా ఎందుకు చెప్పావంటే, “అడిగింది, చెప్పిన,” అంది.

చాలా రోజుల తర్వాత, కనేరిలో ఎవరిదో పేరంటానికి వెళ్ళి వచ్చి, చెప్పులు విప్పుతూనే చెప్పింది. “ఆమె కనపడ్డదే. సైకిలు మీద పోతున్నది. పిలుస్త అనుకునేసరికి మలుపు తిరిగింది.”

“ఎట్ల ఉందమ్మా?”

“ఎట్ల ఉంటది? జెర పొట్టిగ, నల్లగ, గడ్డం కింద పుట్టుమచ్చ. నవ్వుమొకం.”

ఆమె ఎలా ఉంటుందో మాలో ఎవరమూ ఎన్నడూ రాయలేదు. నేను అమ్మ మొహంలోకి చాలాసేపు చూశాను. పరాచికమాడుతున్నట్టు లేదు.

“అవునమ్మా, ఆమే అయ్యుంటది,” అన్నాను.