బోణీ వేళ ‘లేదు’

ఆ రోజుల్లో మనిషి బాగుపడాలంటే ఒక మంచి పుస్తకం కొంటే చాలని నమ్మేవాళ్లం. డిగ్రీ అయిపోయి ఉద్యోగం రాని నాలాంటివాళ్ల ఫోన్లలో ‘మీ జీవితాన్ని మార్చే పుస్తకాలు ఇవే’ అంటూ సందేశాలు తెగ తిరిగేవి. మా స్నేహితుల్లో ఒకడికి ఆ పిచ్చి బాగా ముదిరి, చివరికి ‘విజయం’ అనే పేరే స్థిరపడిపోయింది. కనిపిస్తే చాలు, “ఇది చదివినావా అన్నా? చదువు, నీ లెవెలే మారిపోతాది” అనేవాడు. (వాడి లెవెలు ఏ పుస్తకానికీ కదల్లేదు, అది వేరే సంగతి.) వాడి మాట విని నేనూ చాలానే కొన్నాను. తెల్లవారకముందే లేవడం ఎలా అన్న పుస్తకం మాత్రం దండగైంది. నంద్యాలలో తొలి బస్సెక్కి, ఆళ్లగడ్డలో మా మామ కిరాణా అంగడి తలుపులు తీయాల్సింది ఎలాగూ నేనే.

మామ అంటే అమ్మకు తమ్ముడు. మంచివాడు, అదే చిక్కు. చెడ్డవాడైతే ఎప్పుడో తప్పించుకునేవాణ్ణి. పొద్దంతా బస్తాలు దింపించి, సరుకు తూచి, పొట్లాలు కట్టి, సాయంత్రం బస్సులో నిలబడి ఇల్లు చేరేసరికి ఒళ్లు పులిసిపోయేది. దానికి తోడు మా వీధిలోవాళ్లు “ఎట్లాగూ పోతాండావు కదప్పా” అంటూ తలా ఒక పని అప్పజెప్పేవాళ్లు. ఎవరినీ కాదనడం నాకు చేతకాదు. అలాంటి సమయంలో నంద్యాలలోనే ఒక విత్తనాల కంపెనీలో, గోదాము లెక్కలు చూసే ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరమన్నారు. ఆ సంగతి మామకు చెప్పాలి. చెప్పలేకపోతే ఆ పప్పు బస్తాల మధ్యే నా బతుకు తెల్లారినట్టే.

విజయానికి నా బాధ చెప్పుకుంటే మర్నాడే ఒక పుస్తకం తెచ్చాడు. ఎదుటివాళ్లను కాదనడం ఎలా అని, ఇంగ్లీషులోంచి తెలుగులోకి దించిన పుస్తకం. ‘ఎదుటివారి కళ్లలోకి చూడండి. ఊపిరి పీల్చండి. కారణాలు చెప్పకండి. లేదు అనండి.’ ఎక్కడ తెరిచినా అదే. (మనకు వద్దు, కాదు, రాను, కుదరదు అని ఇన్ని మాటలుండగా ఆ అనువాదకుడికి ‘నో’కు ఒక్క ‘లేదు’ మాత్రమే దొరికింది.) నేనూ ఆలోచించకుండా అద్దం ముందు నిలబడి దాన్నే సాధన చేశాను.

శనివారం పొద్దున మామ దేవుడి పటానికి ఊదుబత్తి వెలిగించి గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు. నేను నోరు తెరిచేలోపే తనే అందుకున్నాడు.

“వచ్చే వారం నుంచి ఈడే పండుకో అల్లుడా. తిరగలేక సస్తాండావ్. పైన అటకంతా ఖాళీనే కదా.”

కళ్లలోకి చూశాను. ఊపిరి పీల్చాను. “లేదు” అన్నాను.

“ఏం లేదు? మంచమా? మడత మంచం తెప్పిస్తాలే.”

“లేదు మామా.”

“ఫ్యాన్ గూడా పెట్టిస్తాలేరా. యాడికి పోతాది ఫ్యాను!”

కారణం చెప్పకూడదు కదా, అందుకని ఈసారి గొంతు పెంచి “లేదు!” అని అరిచాను. అప్పుడే కందిపప్పు కోసం మెట్టెక్కబోతున్న ఒక పెద్దావిడ ఆ కేక విని, “లేదంట, పదండే” అని వెంట వచ్చినవాళ్లను మళ్లించుకుని ఎదురంగడికి వెళ్లిపోయింది. ఆ రోజుకు అదే తొలి బేరం.

మామ ముఖం మాడిపోయింది. “బోణీ కాకముందే లేదంటావేందిరా! అంగట్లో ఆ మాట అంటారా యాడన్నా? సరుకు అయిపోతే నిండుకుందనాల. ఇన్నాళ్లుగా ఈడ ఏం నేర్చుకుంటాండావ్?” అంటూ మళ్లీ ఊదుబత్తి వెలిగించాడు.

నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఒట్టి అలసట. అక్కడే బియ్యం బస్తా మీద కూలబడ్డాను. “నాకు ఓపిక నిండుకుంది మామా. నంద్యాలలో ఉద్యోగమొచ్చింది. సోమవారం చేరాల” అన్నాను.

మామ గల్లాపెట్టె మూత తీసి, ఊరికే మళ్లీ మూశాడు. “నాకు ఎప్పుడో నిండుకుందిరా. అంగడి నాదాయె, ఎవురికని చెప్పేది?” అన్నాడు. మళ్లీ ఆయనే, “పో, పోయి చేరు. ఆదివారాలు మాత్రం వచ్చి పోతాండు” అన్నాడు. “సరే మామా” అన్నాను. (పుస్తకం చదివినవాడి ప్రతాపం అంతే.) మామ అంగడి శాశ్వతంగా మూసేదాకా నా ఆదివారాలన్నీ ఆళ్లగడ్డలోనే గడిచాయి.

ఇప్పుడు ఆ గోదాముకు పెద్దను నేనే. మొన్న కొత్తగా చేరిన అమ్మాయిని, ఆదివారం స్టాకు చూడాలి, వస్తావా అని అడిగాను. “రాను సార్” అంది, నవ్వుతూ. కళ్లలోకి చూడలేదు, ఊపిరి పీల్చలేదు. ఇంత చిన్న మాట కోసం అద్దంతో పోట్లాడిన ఆనాటి కుర్రాణ్ణి తలుచుకుని లోలోపలే నవ్వుకున్నాను. వాడిమీద జాలి కూడా వేసింది. ఆ పిల్ల వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, “మీరు గూడా రావద్దు సార్. శానా అలిసిపోయినారు, ఇంటికాడ పండుకోండి” అంది. ఇన్నేళ్లలో నాతో ఆ మాట అన్నవాళ్లు లేరు. “అట్లాగేలేమ్మా” అన్నాను.

ఆదివారం నేనే వెళ్లి గోదాము తాళం తీశాను.