విత్తన పసుపు ఉడకబెట్టిన ఏడు

నంద్యాల మాస్టారుకు నాలుగు సార్లు ఫోన్‌లో రాసి పంపాను. నాలుగు సార్లూ చదివినట్టు గుర్తు పడింది. జవాబు లేదు. ఒకసారి మాత్రం చేతులు జోడించిన బొమ్మ పంపాడు. దాన్ని నేను జవాబు కింద తీసుకోను. అందుకే ఇక్కడ, అందరూ చదివే చోట రాస్తున్నాను.

మాది ఆళ్లగడ్డ పక్క పల్లె. పసుపు వేస్తాం. కిందటి చలికాలంలో ప్రతి ఆదివారం బస్సెక్కి నంద్యాల పోయి, ఒక మందుల షాపు మిద్దె మీద జరిగే ట్రేడింగ్ క్లాసులో కూర్చున్నాను. పసుపు ధర ఎటు పోతుందో ముందే తెలుస్తుందని చెప్పారు. మాస్టారు తెర మీద ఆర్‌ఎస్‌ఐ అనే గీత చూపించాడు. ఈమధ్య ధర ఎంత పెరిగింది, ఎంత తగ్గింది లెక్కగట్టి, సున్నాకూ వందకూ మధ్య ఒక అంకె ఇస్తుందది. డెబ్బై దాటితే జనం ఎగబడి కొన్నారని, ఇక ధర దిగుతుందని అర్థమట.

నేను లేచి అడిగాను. "సార్, యాడో వాన బడి పంట పోతే ఆ గీతకెట్ల తెలుస్తాది?"

"ఏందప్పా, వాన గూడా ధరలోనే ఉంటాది. నువ్వింకా ఆకాశంలో మోడం జూసుకుంటా కూచుంటే ఎట్ల?" అన్నాడు మాస్టారు.

అందరూ నవ్వారు. కిటికీ దగ్గర నీలం చొక్కా మనిషి అందరికన్నా ఎక్కువసేపు నవ్వాడు. అది ఆగేదాకా నేను నిలబడే ఉన్నాను. కూర్చోమని కూడా ఎవరూ అనలేదు. ఆ నవ్వే నన్ను చెడగొట్టింది. మరుసటి వారం నుంచి ప్రశ్నలు మానేశాను. మోడం చూడటమూ మానేశాను.

పసుపు తవ్వి ఉడకబెట్టే రోజులు వచ్చాయి. అమ్మే పసుపును ఉడకబెట్టి ఎండేస్తాం. ప్రతి ఏడూ మంచి దుంపలు ఏరి, ఉడకబెట్టకుండా నీడలో కుప్పపోసి ఆకులు కప్పుతాం. మళ్లీ నాటడానికి విత్తనం అదే. నా భార్య కాపురానికి వచ్చిన ఏడు పుట్టింటి నుంచి గంపలో తెచ్చిన విత్తనం అది. ఇరవై ఏళ్లు బయట కొనలేదు. ఉడికిన దుంప ఇక మొలవదు.

శివరాత్రి వారం అంకె డెబ్బై దాటింది. మాస్టారు మా క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు: "పసుపు ఇక దిగుతుంది. ఉన్నదంతా అమ్మేయండి." ధర పడ్డాక విత్తనం చవగ్గా కొనుక్కోవచ్చనుకుని, ఆ కుప్ప కూడా ఉడకబెట్టే డ్రమ్ములోకి ఎత్తబోయాను. నా భార్య అడ్డం నిలబడింది.

"ఏమయ్యా, ఇత్తనం గూడా ఉడకేస్తాండావా? ఎవురు జెప్పినారు నీకు?"

"ధర పడతాది మే. అప్పుడు కొందాం."

"మొన్నొచ్చిన లారీ ఆయప్ప ఏం జెప్పినాడు? పైరాష్ట్రంలో వానకు పసుపు కుళ్లిందన్లేదా?"

"లారీ తోలేటోనికి చార్టు తెల్సా?"

"నీకు తెల్సిందిలే. ఉడకెయ్యి. మల్ల ఆ ఫోన్నే నాటుకో."

ఉడకబెట్టాను. ఎండేసి అంతా కడపలో అమ్మేశాను. నెలన్నర ఆ అంకె డెబ్బై కిందికి దిగలేదు, ధర పెరుగుతూనే పోయింది. జనం ఎగబడి కొంటున్నారని గీత చెప్పింది, అంతవరకు నిజమే. ఎందుకు కొంటున్నారో దానికి తెలియదు. లారీ డ్రైవరుకు తెలుసు.

నాటే రోజులకు విత్తనం మాకు అందే ధరలో ఎక్కడా దొరకలేదు. చేనిలో మొక్కజొన్న వేశాం. నా భార్య ఆ చేను వైపు రావడం మానేసింది.

నంద్యాల పోయి అడిగాను. మాస్టారు మెట్ల మీదే నిలబెట్టాడు. "గీత అంచనా మాత్రమేనప్పా. నిర్ణయం నీది" అన్నాడు. అంతలో ఫోన్ మోగింది. వీపు తిప్పి మాట్లాడాడు గానీ, మెట్లు ఇరుకు, అంతా వినబడింది.

"గోదాంలో పసుపు ఇప్పుడే ఇడ్సొద్దు బావా. శివరాత్రికి నువ్వు వాన సంగతి జెప్పబట్టి కొంటిమి. ఇంగా పెరగనీ."

మాస్టారూ, మీకు విత్తనం ఇమ్మనడం లేదు. ఇచ్చినా అది మా విత్తనం కాదు. మమ్మల్ని అమ్మమన్న వారంలోనే మీరు మీ బావ మాట విని ఎందుకు కొన్నారు? ఆ వాన సంగతి మాకెందుకు చెప్పలేదు? నాకు కాదు, మా ఇంటికొచ్చి నా భార్యకు చెప్పండి.